ఇజాజత్ వేరు, రజామందీ వేరు

మన ఇళ్లల్లో నిఖా ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. ఖాజీ సాబ్ వచ్చి కూర్చుంటారు. మెహర్ ఎంతో రాసుకుంటారు. రెండు వైపుల పెద్దలూ దస్తఖత్‌లకు సిద్ధంగా ఉంటారు. అవతల బిర్యానీ దమ్ మీద ఉంటుంది. అయినా ఒక పని మిగిలే ఉంటుంది. వకీల్, ఇద్దరు గవాహ్‌లు లేచి జనానా వైపు వెళ్తారు. పిల్లను పేరు పెట్టి పిలిచి, ఫలానా వాళ్ల అబ్బాయి, ఇంత మెహర్, నీకు కబూలేనా అని అడుగుతారు. ఆమె జవాబు వచ్చేదాకా అంతమంది పెద్దల దస్తఖత్‌లకూ విలువ లేదు. అబ్బా ఒప్పుకున్నాడు కదా, మొహల్లా అంతా ఒప్పుకుంది కదా అంటే కుదరదు.

పెద్దలు ఇచ్చేది ఇజాజత్. పిల్ల ఇచ్చేది రజామందీ. ఈ రెండింటికీ తేడా మన ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ అరకు కొండల విషయానికి వచ్చేసరికి మనలో చాలామంది ఆ తేడా మర్చిపోతున్నారు. సర్కారు ఇజాజత్ ఇచ్చింది, ఇంకేం కావాలి అంటున్నారు. నా తక్లీఫ్ అదే.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, 2025 జనవరి చివర్లో విశాఖలో పర్యాటక పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. మన్యంలో హోటళ్లు, రిసార్టులు రావాలంటే 1/70 చట్టం అడ్డంగా ఉందనీ, దాన్ని సడలించే ఆలోచన చేయాలనీ అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు అక్కడ మాట్లాడారు. ఆ మాట కొండలెక్కేసరికి మంట అయింది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ అన్నారు ఆదివాసీలు. బస్సులు ఆగాయి, దుకాణాలు మూసేశారు. చట్టాన్ని రద్దు చేసే ఉద్దేశమే లేదని ముఖ్యమంత్రి చంద్రబాబు చెప్పాల్సి వచ్చింది. బంద్ అయిపోయింది. ఆ సవాల్ మాత్రం అలాగే ఉంది, కొత్త పెట్టుబడి పేరు వినిపించిన ప్రతిసారీ లేస్తుంది.

ఈ సవాల్‌ను నేను రెండు ఫైళ్ల సాయంతో చూడదలచుకున్నాను. ఒకటి ఆసమాన్‌కి సంబంధించింది, ఒకటి జమీన్‌కి సంబంధించింది. రెండిట్లోనూ పెట్టుబడి వచ్చింది మనవాళ్లు మజ్దూరీకి వెళ్లే అమీరాత్ నుంచే. ఒకటి అబూధాబి, రెండోది రాస్ అల్ ఖైమా.

మొదటిది విమానాల ఫైలు. 2012 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం ఒక కొత్త దర్వాజా తెరిచింది. విదేశీ విమాన సంస్థలు మన దేశ విమాన కంపెనీల్లో 49 శాతం వరకు వాటా కొనొచ్చు అంది. తర్వాతి ఏడాది 2013 ఏప్రిల్ 24న సౌదా బయటికొచ్చింది. అబూధాబి ప్రభుత్వానికి చెందిన ఎతిహాద్ సంస్థ, జెట్ ఎయిర్‌వేస్‌లో 24 శాతం వాటాను దాదాపు 2,058 కోట్ల రూపాయలకు తీసుకుంటానంది. అదే సమయంలో ఇండియా, అబూధాబి మధ్య వారానికి 13,330గా ఉన్న విమాన సీట్లను మూడేళ్లలో 50 వేలకు పెంచేందుకు రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. గల్ఫ్‌లో కొడుకో, అల్లుడో, తమ్ముడో లేని ఇల్లు మన మొహల్లాల్లో వెతకాలి. కాబట్టి ఈ ఖబర్ మనకు దూరపుది కాదు.

ఇప్పుడు ఆ ఫైలు ఎన్ని బల్లల మీదికి వెళ్లిందో చూడండి. విదేశీ పెట్టుబడుల ప్రోత్సాహక బోర్డు మొదటిసారి చూసి వాయిదా వేసింది. షరతులు సవరించుకొని రమ్మంది. 2013 జూలై 29న షరతులతో సరే అంది. అక్టోబర్‌లో కేంద్ర మంత్రివర్గ సంఘం ఒప్పుకుంది. నవంబర్‌లో కాంపిటీషన్ కమిషన్ ఒప్పుకుంది, అదీ అందరూ ఏకమాట మీద కాదు, ఒక సభ్యుడు ఒప్పుకోనని విడిగా రాశారు. షేర్ బజార్‌ను చూసుకునే సెబీ వేరేగా పరిశీలించింది.

ఇంతమంది అడిగింది తిప్పితిప్పి ఒకే ప్రశ్న. లగాం ఎవరి చేతిలో ఉంది? కాగితం మీద 24 శాతమే, మాలిక్ ఇక్కడివాడే. నిజంగా కంపెనీని నడిపేది ఎవరు? ఎవరు డైరెక్టర్లను పెడతారు? ఏ రూట్లో ఏ విమానం ఎగరాలో ఎవరు చెప్తారు? కాంపిటీషన్ కమిషన్ చూసి, ఇద్దరి ఉమ్మడి అదుపు కనిపిస్తోంది అంది. సెబీ 2014 మేలో, ఎతిహాద్‌కు అదుపు లేదు అని తేల్చింది. ఒకే సౌదా మీద రెండు సంస్థలు రెండు మాటలు చెప్పాయి. ఎవరిది సహీ, ఎవరిది గలత్ అనేది ఇక్కడ నా బహస్ కాదు. ఒక కంపెనీలో నాలుగో వంతు చేతులు మారుతుంటే హుకూమత్ పేరు మీద ఆగిపోకుండా, పేరు వెనక ఉన్న చేతిని వెతికింది. అది మంచి పని. దాన్ని గుర్తు పెట్టుకోండి.

రెండోది కొండల ఫైలు. దీనికి కొంచెం తారీఖ్ కావాలి.

తూర్పు కనుమల మన్యంలో బయటి వ్యాపారులు అప్పులిచ్చి, వడ్డీ మీద వడ్డీ కట్టి, ఆఖరికి ఆదివాసీ జమీన్ రాయించుకోవడం చాలా పాత కథ. కొండల్లో తిరుగుబాట్లు లేచాక అంగ్రేజ్ హుకూమత్ కూడా 1917లో ఏజెన్సీ ప్రాంతానికి వడ్డీ, భూబదిలీ చట్టం తేవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఐదేళ్లకు, 1922 ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు. ఆజాదీ తర్వాత 1959లో కొత్త భూబదిలీ నిబంధన వచ్చింది, 1970లో దాన్ని గట్టి చేశారు. అదే 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ఆదివాసీలు కాని వాళ్లకు బదిలీ చేయకూడదు. ఆదివాసీ కానివాడి చేతిలో అక్కడ భూమి ఉంటే, వేరే రుజువు లేనంతవరకు అది ఆదివాసీల నుంచి వచ్చిందనే అనుకోవాలి. చట్టం సారం అంతే.

మరి సర్కారే తన పేరున్న భూమిని కంపెనీకి లీజుకిస్తే? అరకుకు ఈవల, బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలో అదే జరిగింది. సున్నపురాయి లాంటి ఖనిజాల కోసం ప్రైవేట్ కంపెనీలకు లీజులిచ్చారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఫైసలా ఇచ్చింది. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ ఒకవైపు నిలిచారు, మూడో న్యాయమూర్తి విభేదించారు. సర్కారు కూడా చట్టం దృష్టిలో 'వ్యక్తే', షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని ఆదివాసీలు కాని వాళ్లకూ, ప్రైవేట్ కంపెనీలకూ అది ఇవ్వడానికి వీల్లేదు అని ఆ తీర్పు చెప్పింది. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ గానీ, ఆదివాసీల సహకార సంఘాలు గానీ తవ్వుకోవచ్చు అని ఒక కిటికీ మాత్రం తెరిచి ఉంచింది.

ఆ కిటికీలోంచి ఏం దూరిందో చూడండి. 2005 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం జిందాల్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. 2007 ఫిబ్రవరిలో రాస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఇంకో ఒప్పందం చేసుకుంది. సరుకు ఒకటే, బాక్సైట్. అల్యూమినియంకు అమ్మ లాంటి మట్టి. జిందాల్‌కు అరకు వైపు గాలికొండ, రక్తకొండ. రాస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ, పెన్నా గ్రూపు కలిసి పెట్టిన ఆన్‌రాక్ కంపెనీకి చింతపల్లి వైపు జెర్రెల కొండలు. కొండను తవ్వేది మాత్రం కంపెనీ కాదు, ఏపీఎండీసీ, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ. అది తవ్వి కొండ కింద కట్టిన కార్ఖానాకు సరఫరా చేస్తుంది. ఆన్‌రాక్ కార్ఖానా నర్సీపట్నం దగ్గర మాకవరపాలెం మండలం రాచపల్లిలో లేచింది. ఏడాదికి 15 లక్షల టన్నుల అల్యూమినా తీసే సామర్థ్యం దానిది.

కాగితం మీద అంతా సాఫ్‌గా ఉంది. లీజు ప్రభుత్వ సంస్థ పేరు మీద ఉంది, సుప్రీంకోర్టు చెప్పినట్టే ఉంది. కానీ ఎంత తవ్వాలి, ఎవరి కోసం తవ్వాలి, సరుకు ఎక్కడికి పోవాలి అన్నవన్నీ కంపెనీతో ఒప్పందంలో ముందే రాసేసుకున్నారు. మరి లగాం ఎవరి చేతిలో ఉన్నట్టు? ఢిల్లీలో నాలుగైదు బల్లల మీద నెలల తరబడి అడిగిన ప్రశ్నను ఈ ఫైలు మీద అంత పట్టుదలగా ఎవరూ అడగలేదు. 24 శాతం విమానాలకు పర్దా వెనక చూశారు. నిండు కొండకు పర్దా ముందే ఆగిపోయారు.

అడిగింది కొండవాళ్లే. పాడేరు, చింతపల్లి, అరకు, అనంతగిరి వైపు ఏళ్ల తరబడి సభలు, ధర్నాలు, గ్రామ తీర్మానాలు జరిగాయి. అయినా 2015 నవంబర్ 5న రాష్ట్ర ప్రభుత్వం జీవో 97 తెచ్చింది. జెర్రెలలో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్ కోసం ఏపీఎండీసీకి మళ్లించే హుకుం అది. మన్యం అట్టుడికింది. సర్కారు వెనక్కి తగ్గి దాన్ని పక్కన పెట్టింది. ఆన్‌రాక్‌కు బాక్సైట్ ఇచ్చే ఒప్పందం రద్దయింది. 2019లో వచ్చిన కొత్త ప్రభుత్వం జీవో 97నే రద్దు చేసింది. రాస్ అల్ ఖైమా సంస్థ ఊరుకోలేదు. రెండు దేశాల పెట్టుబడి ఒప్పందాన్ని చూపించి భారత ప్రభుత్వాన్ని అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి లాగింది.

ఆ కంపెనీ కోపాన్ని నేను అర్థం చేసుకోగలను. డబ్బు పెట్టి కార్ఖానా కట్టుకున్నారు, సరుకు రాలేదు. కానీ వాళ్లకు మాట ఇచ్చింది ఎవరు? హుకూమత్ ఇచ్చింది. తనది కాని దాని మీద ఇచ్చింది. పిల్లను అడగకుండా తారీఖు ఖాయం చేసి, షాదీఖానా బుక్ చేసి, దావత్‌నామాలు పంచిన పెద్దమనిషి పని ఇది. బారాత్ గుమ్మం ముందుకు వచ్చాక పిల్ల నాకు కబూల్ లేదు అంటే, తప్పు పిల్లదా, పెద్దమనిషిదా? రజామందీ ముందే అడిగి ఉంటే కంపెనీకీ నష్టం ఉండేది కాదు, కొండకీ పదేళ్ల పరేషానీ ఉండేది కాదు. శృంగవరపుకోట దగ్గర అల్యూమినా కార్ఖానా కోసం జమీన్ ఇచ్చిన రైతుల సంగతి ఇంకా బుర్రా తిప్పేది. భూమి పోయింది, కార్ఖానా రాలేదు.

అడిగితే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. ఇవే తూర్పు కనుమలు ఒడిశాలోకి సాగితే అక్కడ నియమగిరి ఉంది. రాయగడ, కలహండి జిల్లాల్లో డోంగ్రియా కోందుల కొండ. అక్కడా ఇదే తరీఖా. తవ్వేది ఒడిశా ప్రభుత్వ మైనింగ్ కార్పొరేషన్, సరుకు వేదాంత కార్ఖానాకు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, గ్రామసభల్ని అడగండి అంది. సరిగ్గా ఆరు రోజుల తర్వాత జెట్, ఎతిహాద్ సౌదా ప్రకటించారు. ఆ ఏడాది జూలై, ఆగస్టు నెలల్లో ఢిల్లీ బల్లల మీద విమానాల ఫైలు తిరుగుతుండగా, నియమగిరిలో 12 ఊళ్ల వాళ్లు జిల్లా జడ్జి సమక్షంలో కూర్చొని ఒక్కొక్కరే లేచి తమ మాట చెప్పారు. 12కి 12 గ్రామసభలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం ఆ ప్రాజెక్టుకు అనుమతి నిరాకరించింది.

చదువు రాని కొండవాళ్లకు ఏం తెలుస్తుంది అనేవాళ్లకు నియమగిరే జవాబ్. షేర్లు, శాతాలు వాళ్లకు తెలియకపోవచ్చు. ఏ గెడ్డ ఏ కొండలోంచి వస్తుందో మాత్రం తెలుసు. బాక్సైట్ ఉన్న కొండ నెత్తి స్పాంజి లాంటిది. వానను తాగి, ఏడాది పొడవునా ఊటలుగా వదులుతుంది. ఆ నెత్తిని చెక్కేస్తే కింద గెడ్డలు ఏమవుతాయో చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు. ఇది వాళ్లొక్కళ్ల సంగతీ కాదు. గోస్తనీ నది పుట్టేది అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల్లోంచి దిగి తాటిపూడి జలాశయానికి వస్తుంది. ఆ నీళ్లు విశాఖ కుళాయిల్లోకి వస్తాయి. విశాఖలో మనవాళ్లు వజూ చేసుకునే నీళ్లలో అరకు కొండల హిస్సా ఉంది.

ఇంకో మాట. మనం పిల్లల్ని తీసుకొని అద్దాల రైలెక్కి అరకు వెళ్తాం కదా. 58 సొరంగాలు లెక్కపెడుతూ పిల్లలు కేకలు వేస్తారు. ఆ కొత్తవలస, కిరండూల్ లైను మన సైర్ కోసం వేసింది కాదు. 1960లలో బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి వేశారు. దారి వేసినప్పుడే కొండ దేనికి పనికొస్తుందో బయటివాళ్లు తేల్చేసుకున్నారు. కొండ మీద ఉన్నవాళ్ల లెక్క అప్పుడూ లేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. ఇదే అసలు కష్టమైన భాగం.

మా మామూ ముప్పై ఏళ్లు అరకు, పాడేరు సంతల్లో బట్టలు అమ్మారు. లుంగీలు, తువ్వాళ్లు, చీరలు. ఈసారి ఈద్‌కు కలిసినప్పుడు 1/70 మాట వచ్చింది. "బేటా, జవానీ అంతా ఆ కొండల్లోనే పోయింది. ఇవాళ్టికీ అక్కడ ఒక గజం జాగా మన పేరు మీద లేదు. కిరాయి కొట్టు, కిరాయి ఇల్లు. చట్టం కొంచెం వదులైతే మన పిల్లలకు ఒక ఠికానా అవుతుంది కదా. దీంట్లో జుల్మ్ ఏముంది?" అన్నారు.

మామూ మాటను నేను కొట్టిపారేయను. ఏజెన్సీలో చిన్న వ్యాపారం చేసుకునే ముసల్మాన్ కుటుంబాలు పెద్ద దౌలత్ ఉన్నవాళ్లు కారు. సైకిల్ మీద మూటలు కట్టుకొని మొదలైన బతుకులు. వాళ్లకు ఒక ఇంటి జాగా కావాలనుకోవడం గునాహ్ కాదు.

కానీ నేను మామూని ఒకటే అడిగాను. "మామూజాన్, చట్టం వదులైతే ముందుగా కొనేది మీరా? విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చే రిసార్టు వాళ్లా?" మామూ చాలాసేపు ఖామోష్‌గా ఉన్నారు. తర్వాత తనే చెప్పారు. తన చిన్నప్పుడు సంతలో ఒక సాహుకార్ ఉప్పు, చింతపండు అప్పుకి భూమి ఎలా రాయించుకునేవాడో, ఆ ఊరివాళ్లు తమ పొలంలోనే కూలీలుగా ఎలా మిగిలారో. ఆ రోజుల్లో చట్టం ఉండి కూడా అంత జరిగింది. దర్వాజా పూర్తిగా తెరిస్తే గజం జాగా కోసం చూసే మామూ లాంటివాళ్లు క్యూలో ఆఖర్న ఉంటారు. భూమి ధర వంద రెట్లయ్యాక ఇప్పుడున్న కిరాయి కొట్టు కూడా దక్కదు. కొండవాళ్లు కొండ దిగిపోతే సంతకు వచ్చేదెవరు? లుంగీ కొనేదెవరు? మన రిజ్క్ వాళ్ల జమీన్‌తో ముడిపడి ఉంది.

"రాస్ అల్ ఖైమా అంటే ముసల్మాన్ అమీరాత్ కదా, మనం ఎందుకు ఎదురు చెప్పాలి" అని ఒక దోస్త్ అన్నాడు. జిందాల్ అయినా, వేదాంత అయినా, అమీర్ అయినా కొండ తవ్వితే గెడ్డ ఎండేది ఒకేలా ఎండుతుంది. ఇన్సాఫ్‌కు పాస్‌పోర్టు చూడం. ఇవాళ అనంతగిరి మండలం పెదకోట దగ్గర పంప్డ్ స్టోరేజ్ విద్యుత్ ప్రాజెక్టు అదానీ కంపెనీ పేరు మీద వినిపిస్తోంది. ఆ కొండ ఊళ్లవాళ్లు వద్దని గట్టిగా అంటున్నారు. అక్కడా నా సవాల్ ఇదే. కంపెనీ ఎవరిది అన్నది రెండో మాట, రజామందీ ఉందా అన్నది మొదటి మాట.

మన హక్ పోయినప్పుడు మనకు ఎలా ఉందో గుర్తు చేసుకుందాం. హైదరాబాద్ మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా భూముల కేసు ఏళ్ల తరబడి నడిచింది. 1,654 ఎకరాల సంగతి. అవి వక్ఫ్ భూములని వక్ఫ్ బోర్డు అంది. సర్కారు వాటిని తనవంటూ, ఒక పారిశ్రామిక మౌలిక సదుపాయాల కార్పొరేషన్ చేతి మీదుగా పెద్ద పెద్ద కంపెనీలకు ఇచ్చింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు భూమి ప్రభుత్వానిదే అని తీర్పు చెప్పింది. అది కోర్టు ఫైసలా. దాని బహస్ ఇక్కడ చేయను. కానీ ఆ రోజు మన ఇళ్లల్లో అందరూ అన్న మాట ఏంటి? "మమ్మల్ని అడిగేవాళ్లే లేరా?" అన్నాం. మధ్యలో ఒక సర్కారీ కార్పొరేషన్‌ను నిలబెట్టి దాని వెనక కంపెనీకి జమీన్ ఇచ్చే తరీఖా మనం అప్పుడు చూశాం. అదే తరీఖాను కొండ మీద వాళ్లూ చూస్తున్నారు. మనకు దర్ద్ అయిన చోట వాళ్లకు దర్ద్ కాదని ఎలా అనగలం?

అంటే కొండల్లో తరక్కీ వద్దా అని అడుగుతారు. కావాలి. ఇవాళ్టికీ అల్లూరి జిల్లాలో నిండు గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొస్తున్న ఊళ్లున్నాయి. రోడ్డు కావాలి, ఆస్పత్రి కావాలి, బడిలో టీచర్ కావాలి. కానీ అవి హక్. కొండ ఇస్తే రోడ్డు ఇస్తాం అనడం బేరం. మన మొహల్లాకు డ్రైనేజీ కావాలంటే ఖబ్రస్తాన్ ఇవ్వండి అంటే ఒప్పుకుంటామా? పైగా అరకులో కొండను తవ్వకుండానే బతుకుతెరువు పుట్టింది. మిరియం పాకిన చెట్ల నీడలో ఆదివాసీ రైతులు కాఫీ పండిస్తున్నారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జమీన్ వాళ్లది, చెట్టు వాళ్లది, పేరూ వాళ్లది. బర్కత్ అంటే అలా ఉండాలి.

విమానాల ఫైలు ఆఖరికి ఏమైందో చెప్పలేదు కదా. అన్ని ఇజాజత్‌లూ వచ్చాయి. ముహర్లన్నీ పడ్డాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయాయి. వేలమంది ఉద్యోగులు రోడ్డున పడ్డారు, జీతాలు, గ్రాట్యుటీ కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు కంపెనీ ఆస్తులు అమ్మి లెక్క తేల్చమంది. లగాం ఎవరిదని అంత లోతుగా అడిగిన ఆ ఫైలులో కూడా, రోజూ ఆ విమానాల్లో పనిచేసేవాళ్లకు ఈ సౌదా మంచిదేనా అని ఎవరూ అడగలేదు. విమానం పోతే ఇంకో కంపెనీ విమానం వస్తుంది. అబూధాబికి ఇవాళ వేరే విమానంలో వెళ్తున్నాం. గాలికొండ పోతే ఇంకో గాలికొండ రాదు. అందుకే కొండ ఫైలు మీద విమానం ఫైలు కంటే ఎక్కువ ప్రశ్నలుండాలి, తక్కువ కాదు.

అందుకని నేను కోరేవి మూడు. ఒకటి, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ కార్పొరేషన్ పేరు మీద ఏ ప్రాజెక్టు వచ్చినా, దాని వెనక ఒప్పందం ఎవరితో ఉందో, సరుకు ఎవరికి పోతుందో, లాభం ఎవరిదో ముందే బయటపెట్టాలి. షేర్ల సౌదాలకు అడిగిన లగాం ప్రశ్న కొండకూ అడగాలి. రెండు, గ్రామసభ ముందు, ఒప్పందం తర్వాత. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నది అందుకే. అడవిని మళ్లించే ముందు గ్రామసభ మాట తీసుకోవాలని కేంద్రం 2009 ఆగస్టులోనే రాసిచ్చింది. ఆ సభ ఊరివాళ్ల భాషలో జరగాలి, పోలీసు వ్యాన్ల నీడలో కాదు.

మూడోది మనకు. ఏజెన్సీలో దుకాణాలు నడుపుతున్న మన భాయీలారా, 1/70ని సడలించాలని అర్జీ పట్టుకొని రేపు ఎవరైనా మీ కొట్టు ముందుకు వస్తారు. వర్తక సంఘం తరఫున ఒక్క దస్తఖత్ అంటారు. మీ పేరు ముందు పెట్టి, వెనక ఎవరు నిలబడ్డారో చెప్పరు. ఆ కాగితం మీద దస్తఖత్ చేయకండి. మీ కిరాయి కొట్టుకు రక్షణ కావాలంటే, లైసెన్సు కావాలంటే, పిల్లలకు బడి కావాలంటే దాని కోసం వేరే అర్జీ రాద్దాం, నేనూ మీతో వస్తాను. వాటికి ఆదివాసీ జమీన్ మీద చేయి వేయాల్సిన అవసరం లేదు.

మా మామూ దగ్గరికి అలాంటి కాగితం వచ్చే రోజు వస్తుంది. ఆయన ఏం చేస్తారో నాకు తెలుసు అని చెప్పలేను. ముప్పై ఏళ్ల ఆశ అది, ఒక్క ఈద్ ముచ్చటతో పోదు. కానీ వెళ్లేటప్పుడు ఆయన అన్న మాట ఇది. "ఆ సంతలో నా దగ్గర ఉధార్ పెట్టి, పంట వచ్చాక నడిచి వచ్చి పైసలు కట్టిపోయిన మనుషులు బేటా వాళ్లు. ఒక్కడు కూడా ఎగ్గొట్టలేదు."

వాళ్ల హిసాబ్ వాళ్లు సాఫ్‌గా ఉంచుకున్నారు. మన హిసాబ్ ఇప్పుడు రాయాల్సి ఉంది.